ముఠాలో చోటు

కనిగిరి జలాశయం కింద కోతలు మొదలయ్యాయంటే బుచ్చిరెడ్డిపాలెం మిల్లుల ముందు ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. ఇక్కడి రైతు ఇప్పటికీ పుట్లలోనే లెక్క చెబుతాడు. పుట్టి అంటే మన నెల్లూరు జిల్లాలో 850 కిలోలు. ఆ ధాన్యం కళ్లం నుంచి మిల్లుకి, మిల్లు నుంచి బియ్యమై అంగడికి చేరేలోపు ప్రతి బస్తా ఎన్నోసార్లు ఎవరో ఒకరి వీపు ఎక్కి దిగుతుంది. ఆ మోసేవాళ్లకు పనిచేసేచోట నాది అనుకోదగ్గది ఏముందో ఈ వారం రాయాలనిపించింది.

పెద్ద కంపెనీలు ఈమధ్య ఉద్యోగులకు 'మనమంతా ఒక కుటుంబం' అని నమ్మకం కలిగించడానికి చాలా శ్రమపడుతున్నాయి. పుట్టినరోజు వేడుకలు, విహారయాత్రలు, గోడల మీద మంచి మాటలు. వాటిని నేను తప్పుపట్టను. కానీ పనిచేసేచోట మనిషికి 'ఇది నా చోటు' అన్న భావం ఎక్కడ పుడుతుందో తెలుసుకోవాలంటే హమాలీల ముఠాను దగ్గరగా చూడాలి. 1993లో వచ్చిన చిరంజీవి సినిమాతో 'ముఠా మేస్త్రి' అన్న మాట ఇంటింటికీ తెలిసింది. ముఠా లోపలి కట్టుబాటు మాత్రం ఆ పనిచేసే ఇళ్లు దాటి ఎక్కువమందికి తెలియదు.

ముఠాకు కూలి బస్తా లెక్కన వస్తుంది. దిగుమతికి ఒక రేటు, ఎగుమతికి ఒక రేటు, బస్తాలు ఎత్తుగా పేర్చాల్సివస్తే మరో రేటు. వచ్చిందంతా ఒకచోట చేరుతుంది. చాలా ముఠాల్లో దాన్ని తలా సమానంగా పంచుకుంటారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు వంద బస్తాలు ఎక్కువ మోసినా వాటా అంతే. యాభై దాటిన మనిషిని కాటా దగ్గరో, సంచి మూతి కుట్టేచోటో నిలబెట్టినా వాటా అంతే. ఆ కుర్రాడికి అన్యాయం జరుగుతున్నట్టు బయటివాళ్లకు అనిపిస్తుంది. అతనికి అలా అనిపించదు. మోకాళ్లు తనకూ ఒకనాటికి అరుగుతాయని, ఆనాడు తనను కాటా దగ్గర నిలబెట్టడానికి ఈ మనుషులే ఉంటారని అతనికి తెలుసు. మేస్త్రి కూడా వాళ్లలో ఒకడే. రేటు పెంచమని షావుకారు దగ్గరికి వెళ్లేముందు అందరూ చెట్టుకింద కూర్చుని ఎంత అడగాలో, ఎంతకు ఒప్పుకోవాలో తేల్చుకుంటారు. చెడ్డరోజున వాటా తగ్గకపోవడం, రేటు తేల్చేటప్పుడు తన మాటకు చోటుండటం, ఈ రెండూ ఉన్నచోట మనిషి ఎవరూ చెప్పకుండానే 'మా ముఠా' అంటాడు.

ముఠా అంతా మంచే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. అందులోకి వెళ్లే దారి ఇరుకు. తండ్రి చోటు కొడుక్కో, మేనల్లుడికో పోతుంది. ఒక ముఠాలో ఒకే కులంవాళ్లు కనిపించడం మామూలే. అదే మిల్లు కళ్లంలో ఎండకు ధాన్యం ఆరబోసి, తిరగేసి, రాలిన గింజ ఊడ్చి ఎత్తే ఆడవాళ్లకు ఆ వాటాలో పాలుండదు, చెట్టుకింద మాటల్లోనూ ఉండదు. వాళ్లది విడిగా దినకూలి, అదీ తక్కువ. 1913 మే 1న ఇదే జిల్లా అలగానిపాడులో భూమి ఉన్న ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన పేరు చివరి కులం తోక తీసేసి సొంతూరిలో వ్యవసాయ కూలీలను సంఘంగా కూర్చారు. కూలీలందరిదీ ఒకే పంక్తి కావాలన్న ఆ పని మిల్లు వాకిట్లో ఇంకా పూర్తికాలేదు.

కలిసి కూర్చునే చోటు దొరికితే ఏం జరుగుతుందో ఈ జిల్లా ఆడవాళ్లే దేశానికి చూపించారు. పగలంతా పొలంలో వంగి పనిచేసినవాళ్లు 1991 నాటి అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట లాంతరు చుట్టూ చేరారు. ఆ కూర్చోవడంలోంచే దూబగుంటలో సారా మీద పోరు లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించాల్సివచ్చింది. అక్షరాలు వాళ్లకు ఎంత మేలు చేశాయో, రోజూ ఒకరి బాధ ఒకరు వినే ఆ గంటా అంతే మేలు చేసిందని నా నమ్మకం.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల మిల్లుల్లో బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కుర్రాళ్లు మోస్తున్నారు. మన కుర్రాళ్లు ఈ బరువు వద్దనుకున్నారు, అది వాళ్ల హక్కు. వచ్చినవాళ్లు మనకు ఎంత అవసరమో 2020 లాక్‌డౌన్‌లో తెలిసింది. మే 1న లింగంపల్లి నుంచి హటియాకు వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక రైలు, దేశంలోనే మొదటిది, వెళ్లింది. వారం తిరిగేసరికి, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి ఎదురు రైలొకటి అదే లింగంపల్లికి వచ్చింది. అందులో రెండు వందల మందికి పైగా రైస్‌మిల్లు హమాలీలు. తెలంగాణ పౌరసరఫరాల మంత్రి గంగుల కమలాకర్ స్వయంగా స్టేషన్‌కు వెళ్లి స్వాగతం చెప్పారు. ధాన్యం కొనుగోళ్లు జోరుగా సాగుతున్న రోజులు, మిల్లుల్లో మోసే మనిషి లేడు. ఆ స్వాగతం నాకు నచ్చింది. స్టేషన్ దాటాక వాళ్లు వెళ్లింది మాత్రం మిల్లు వెనక రేకుల గదికే. ఊళ్లో వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లకూ మేస్త్రి ఉంటాడు, కానీ చాలాచోట్ల అతను వాళ్లను తెచ్చిన కాంట్రాక్టరు మనిషి. చెట్టుకింద కూర్చుని రేటు తేల్చుకునే రోజు వాళ్లకు రాదు.

ఈ లోటు తీర్చే దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. హమాలీ ఇవాళ ఒక మిల్లులో, రేపు ఇంకో మిల్లులో మోస్తాడు. నడుం పట్టేసిన రోజున 'ఇతను మావాడు' అనే యజమాని ఉండడు. మహారాష్ట్ర 1969లోనే మోతకూలీల కోసం మాథాడీ చట్టం తెచ్చి ఆ బాధ్యతను బోర్డులకు అప్పజెప్పింది. యజమానులు కూలి డబ్బు, దానిమీద కొంత సొమ్ము బోర్డుకు కడతారు. భవిష్యనిధి, వైద్యం అక్కడినుంచి అందుతాయి. కేరళ 1978లో అలాంటి చట్టమే చేసింది. మనం కేరళ కంటే ముందే, 1976లో, ముఠా, జట్టు, హమాలీ అన్న పేర్లతోనే చట్టం చేసుకున్నాం. అయినా సంక్షేమ బోర్డు పెట్టండని హమాలీ సంఘాలు నేటికీ అడుగుతూనే ఉన్నాయి.

బోర్డు వచ్చేదాకా మిల్లు యజమానులు, మన ముఠాలవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. ఎడగారు (రెండో పంట) ధాన్యం మిల్లుకు రాకముందే రేటు మాట్లాడే రోజున బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుర్రాళ్లలో ఇద్దరినీ, కళ్లంలో పనిచేసే ఆడవాళ్లలో ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకోండి. హిందీ తెలిసినవాళ్లు మన బజారులో దొరక్కపోరు. ఎన్ని బస్తాలు మోశారో వాళ్లకు చదవొచ్చిన లిపిలో రాసివ్వండి. బస్తా జారి ఎవరి కాలైనా విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, మంచంలో ఉన్నన్నాళ్లు కూలి ఎంత అన్నది ఆ రోజే, అందరి ఎదుట, కాగితం మీద రాసుకోండి.