గృహారోగ్యము: వేసవి తాపము – అకాలనిద్ర

రోహిణీకార్తె యెండలలో మధ్యాహ్నభోజనమైన పిదప కునుకు రానివారు అరుదు. కాని కూర తరుగుచును, బిడ్డకు అన్నము తినిపించుచును, మాట నడుమనే నిద్రలోనికి జారిపోవు సోదరీమణులు కొందరు గలరు. వీరు సోమరులని యత్తవారింట నిందపడుటయు గలదు. ఇది సోమరితనము గాదు, వ్యాధి. దీనికి నార్కోలెప్సీ యని 1880లో పేరిడినవాడు జెలినో అను ఫ్రెంచి వైద్యుడు.

మెదడులో హైపోక్రెటిన్ అను పదార్థమొకటి మెలకువను నిలుపును. 1998లో దానిని కనుగొనిరి. ఈ వ్యాధిగల పెక్కుమందిలో దానిని పుట్టించు కణములు నశించియుండును. కొందరు పకపక నవ్వినంతనే మోకాళ్లు సడలి కూలబడుదురు. అప్పుడు తెలివి మాత్రము తప్పదు.

ఎండలకును దీనికిని సంబంధమేమి? రాత్రి నిద్ర వచ్చువేళ ఎవరికైనను చేతులు, పాదములు వెచ్చబడి, లోపలి వేడిమి వెలికి పోవును. ఈ వ్యాధిగలవారికి పగటివేళనే చేతులు, పాదములు అట్లు వెచ్చగానుండుట హాలండు వైద్యులు గమనించిరి. కొలదిమంది రోగులకు చేతుల, పాదముల చర్మమును చల్లబరుపగా వారు మరికొంతసేపు మెలకువతో నుండగలిగిరని 2008లో ప్రకటించిరి. పైగా ఉక్కపోతచే రాత్రి నిద్ర చెడును. ఆ లోటు మరునాటి పగటిపై బడును.

కావున ఇంట కొన్ని యేర్పాట్లు చేసికొనవలయును. వంట తెల్లవారుజాముననే ముగించుట మేలు. పొయ్యికడ నామెను ఒంటరిగా విడువరాదు. నూతికడకును, చెరువు స్నానమునకును తోడు లేక పంపరాదు. చేతులను, పాదములను మాటిమాటికి కుండనీటితో తడుపుకొనవలెను. మజ్జిగ, మంచినీరు దప్పిక కాకమునుపే త్రాగవలెను. పగటి భోజనము కడుపునిండుగాక కొంచెము కొంచెముగా తినుట మంచిది. నియమితవేళలలో పదునైదు, ఇరువది నిమిషములు నిద్రింపనిచ్చినచో తరువాతి పని చురుకుగా సాగును. మెలకువకై యిచ్చు మందులలో కొన్ని యెండలో గుండెదడను, ఒంటివేడిని హెచ్చింపవచ్చును. వైద్యునడిగి తెలిసికొనవలెనేకాని, తమంత తాము మానరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యొకటి. వేసవిలో నామె పడియున్నచో "ఎప్పటి నిద్రయే" యని యూరకుండరాదు. ఒడలు కాలిపోవుచున్నను, మాట తడబడినను, పిలిచి కుదిపినను లేవకున్నను అది వడదెబ్బ కావచ్చును. వెంటనే నీడకు జేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచు, 108కి కబురంపవలెను. తెలివిలేనివారి నోట నీరు పోయరాదు.

రోగనిర్ణయమునకు నరముల వైద్యుని జూడవలెను. రాత్రి నిద్రను, మరునాటి పగటి కునుకులను యంత్రములతో పరీక్షించి నిశ్చయింతురు. ఈ వ్యాధిని సమూలముగా పోగొట్టు మందు నేటికిని లేదు. అదుపులో నుంచు మందులు గలవు. కాని మందు చేయు మేలు సగమైనచో, ఇంటివారి యెఱుక చేయు మేలు సగము. అత్తగారలకు మా మనవి యిదే: కోడలు కునికినప్పుడు కేకవేయుటకు ముందు ఆమె చేతులు తాకి చూడుడు, చల్లని తడిగుడ్డ యొకటి యందీయుడు.