పుట్టుపూర్వోత్తరములు తెలియని పలుకులు

విదేశములలో చదువగోరి ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షలకు సిద్ధపడు మన యువతీయువకుల చేతులలోని పుస్తకములందు పర్యావరణమను ప్రకరణము లేనిది అరుదు. అందు ఎకోసిస్టమ్, బయోడైవర్సిటీ, క్లైమేట్ చేంజ్, కార్బన్ ఫుట్‌ప్రింట్ మొదలగు పదములు వరుసగా పేర్చబడి, ప్రతిదాని యెదుట ఒక పంక్తిలో అర్థమును, మఱియొక పంక్తిలో ప్రయోగమును ఈయబడి యుండును. విద్యార్థి వానిని కంఠస్థము చేయును, వ్యాసములో పొదుగును, మార్కులు తెచ్చుకొనును. ఇందు తప్పు పట్టదగినదేమియు లేదు. పరభాషను నేర్చువాడు దాని పదసంపదను ఆర్జింపక తప్పదు గదా! అయితే సంబంధము కలుపుకొనుటకు ముందు అటేడు తరములును ఇటేడు తరములును విచారించు అలవాటుగల మనము, మన యాలోచనలలోనికి కాపురమునకు తెచ్చుకొను మాటల విషయమున మాత్రము, వాని పుట్టినింటిని గూర్చి ఒక్క ప్రశ్నయైనను వేయకుండుట వింత. ప్రకృతిని గూర్చి ఆంగ్లమున నేడు వ్యవహరింపబడు మాటలలో పెక్కింటికి పుట్టిన సంవత్సరము తెలియును; పుట్టించినవారెవరో, ఏ ప్రయోజనమునకై పుట్టించిరో కూడ తెలియును. స్థూలముగా అవి మూడిండ్ల మాటలు: శాస్త్రజ్ఞుని యింటివి కొన్ని, అధికారి యింటివి కొన్ని, వర్తకుని యింటివి కొన్ని.

మొదటి యింటివారికి మనము ఋణపడియున్నాము. 1866లో జర్మను జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హేకెల్, జీవులకు తమ పరిసరములతోగల సంబంధములను పరిశీలించు విద్యకు ఒక పేరు కావలసివచ్చి, గ్రీకు ధాతువులనుండి నిర్మించిన పదమే ఆంగ్లమున ఎకాలజీ యైనది. అడవియు, అందలి మృగములును, నేలయు, నీరును, గాలియు వేర్వేరు వస్తువులు కావనియు, పరస్పరాశ్రితమైన ఒకే వ్యవస్థయనియు చెప్పుటకై 1935లో ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్‌స్లీ ఎకోసిస్టమ్ అను పదమును ప్రచురించెను. బయోడైవర్సిటీ యనునది 1986లో వాషింగ్టనులో జరిగిన ఒక సదస్సు కొఱకు వాల్టర్ రోసెన్ కుదించి కూర్చిన మాట; రెండేండ్లకు ఇ.ఓ. విల్సన్ సంపాదకత్వమున అదే పేరిట వెలువడిన గ్రంథము దానిని లోకమునకు పరిచయము చేసినది. అంతకుముందు కంటికి కనబడియు మనసున కందకుండిన సంబంధములు, ఈ పదములు పుట్టిన పిమ్మట కొలతకును చర్చకును లోబడినవి.

ఈ యింటి మాటలలో స్మాగ్ అనుదాని చరిత్ర విశేషముగా తెలిసికొనదగినది. లండను నగరమును శీతకాలమున కప్పివేయు దట్టమైన తెరను ఆ నగరవాసులు ఫాగ్, అనగా మంచు, అనియే పిలుచుకొనుచుండిరి. మంచు దైవికము గనుక దానికి ఎవరును జవాబుదారులు కారు. హెన్రీ డె వో అను వైద్యుడు 1905లో, ఇది వట్టి మంచు కాదనియు, బొగ్గుపొగ కలిసిన మంచనియు తెలుపుటకై స్మోక్, ఫాగ్ అను రెండు మాటలను జోడించిన ఈ పదమును ప్రచారమునకు తెచ్చెను. మంచు దైవికమైనను పొగ మానుషము. ఆ ఒక్క మాటతో నేరము ఆకాశమునుండి దిగి పొయ్యిలలోనికిని పొగగొట్టములలోనికిని వచ్చినది. అయినను 1952 డిసెంబరులో అయిదు దినములు నగరమును కమ్మిన స్మాగు తొలి లెక్కల ప్రకారమే నాలుగువేల మందిని బలిగొనువఱకు ప్రభుత్వము కదలలేదు. 1956లో గాని పరిశుభ్రవాయు శాసనము రాలేదు. సత్యమైన మాట శాసనమగుటకు అర్ధశతాబ్దము పట్టెను. కాని ఆ మాటయే లేకున్నచో ఆ శాసనమునకు ఆధారమే లేకపోయెడిది.

రెండవ యింటి మాటలు వేఱు జాతివి. అధికారి ప్రకృతిని చూచునది శిస్తు లెక్కల కిటికీలోనుండి. ఈస్టిండియా కంపెనీవారు 1838లో అస్సామున వేస్ట్‌లాండ్ నిబంధనలను రచించి, విశాలములైన భూములను తేయాకు తోటలకు కట్టబెట్టిరి. ఆ భూములందు అడవి లేకపోలేదు, పశువుల మేత లేకపోలేదు, కొండవారి పోడు లేకపోలేదు. లేనిదెల్ల సర్కారుకు శిస్తు మాత్రమే. శిస్తు రాని నేల వ్యర్థమైన నేల యను ఈ తర్కము కంపెనీతో గతించలేదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము సాయమున కేంద్రప్రభుత్వము ప్రచురించు వేస్ట్‌లాండ్స్ అట్లాసులో పొదలు గల నేలలును, నీరు నిలుచు చిత్తడి నేలలును, తుదకు హిమాలయములందలి మంచు కప్పిన ప్రదేశములును ఆ పద్దు క్రిందనే చేరియున్నవి. గంగకు జన్మనిచ్చు హిమము వ్యర్థభూమి యగుట ఏ భూగోళశాస్త్రమున సమంజసము?

ఈ పద్దు కాగితములపైననే యుండిపోయినచో నవ్వి యూరకుండవచ్చును. శ్రీకాకుళము జిల్లాలో సోంపేట చేరువనున్న చిత్తడి నేలలను అచ్చటి జనులు బీల యందురు. రైతుకు పంటనీరు, జాలరికి చేపలు, పశువులకు మేత, వలసపక్షులకు విడిది ఆ బీలయే. తాప విద్యుత్కేంద్రము కొఱకు ఆ నేలను కేటాయించునపుడు అది పనికిమాలిన బంజరుగా వర్ణింపబడినది. జనులు ఎదిరించిరి; 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి; అదే దినమున జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ కేంద్రమునకు ఈయబడిన అనుమతిని రద్దు చేసెను. ఒక్క విశేషణము సరిగా ప్రయోగింపబడియుండినచో జరుగకయే పోయెడి అనర్థమది.

మైనర్ ఫారెస్ట్ ప్రొడ్యూస్ అను మఱియొక పలుకుబడిని గైకొందము. తేనె, చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు, కరక్కాయ, వెదురు మొదలగునవి ఈ పేరిట చెల్లుచున్నవి. మన్యమున వీని సేకరణపైననే సంవత్సరమున కొన్ని నెలలు గడుపుకొను కుటుంబములకు ఇవి యెట్లు మైనరగును? కలపయే ప్రధానమైన ఆదాయముగా భావించిన అటవీశాఖ చిట్టాలో అవి స్వల్పములైనవి గాని, గిరిజనుని వంటయింట కావు. 2006 నాటి అటవీహక్కుల శాసనము ఆ ఫలసాయముపై గిరిజనులకు యాజమాన్యము నిచ్చియు, పేరును మాత్రము మార్చలేదు. అట్లే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము, ఎలుకతోపాటు కాకిని, పండ్లు తిను గబ్బిలమును వెర్మిన్ అను తరగతిలో చేర్చి వానికి రక్షణ లేకుండ చేసినది. 2022 నాటి సవరణము వఱకు, మనము పితృదేవతల పేరిట పిండము పెట్టి ఎదురుచూచు పక్షి, శాసనము దృష్టిలో చీడప్రాణియై యుండెను.

మూడవ యింటి మాటలు మిక్కిలి సొగసైనవి గనుకనే మిక్కిలి జాగ్రత్తతో చూడదగినవి. కెనడాలో విలియం రీస్ అను ఆచార్యుడు 1992లో, ఒక నగరము ఎంత నేలను భుజించుచున్నదో లెక్కించుటకు ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్ అను భావనను ప్రతిపాదించెను. ఆ పాదముద్రను ఇంచుక మార్చి, 2004 ప్రాంతమున బీపీ యను చమురు సంస్థ, ఎవరి కార్బన్ ఫుట్‌ప్రింట్‌ను వారే లెక్కకట్టుకొను సాధనమొకటి నిర్మించి జనులకు అందించినది. చమురు తోడి యమ్మువాడు ప్రక్కకు తప్పుకొనగా, దీపము వెలిగించుకొనువాడు బోనెక్కినాడు. వ్యక్తి పొదుపు అనవసరమని నా భావము కాదు. లెక్క ఎవరి నుండి మొదలుపెట్టవలెనో నిర్ణయించు చాతుర్యము ఆ మాటలో దాగియున్నదని మాత్రమే.

రాజకీయ వర్తకులును వెనుకబడలేదు. గ్లోబల్ వార్మింగ్ అను మాట 1975లో వాలెస్ బ్రోకర్ శాస్త్రవ్యాసము ద్వారా ప్రసిద్ధికెక్కినది. ఈ శతాబ్ది ప్రారంభమున అమెరికాలో రిపబ్లికను పక్షమునకు సలహాదారైన ఫ్రాంక్ లంట్జ్, అది భయము గొల్పుచున్నదనియు, క్లైమేట్ చేంజ్ అనుట మెత్తగా నుండుననియు ఒక పత్రములో ఉపదేశించెను. రెండవ మాటయందు స్వతస్సిద్ధమైన దోషము లేదు. వాతావరణ విజ్ఞానమును మదింపు చేయుటకు 1988లో ఏర్పడిన అంతర్‌ప్రభుత్వ సంఘము పేరులోనే అది యున్నది. దోషమెల్ల దానిని నిద్రమాత్రగా వాడదలచిన బుద్ధియందు గలదు. ఈ మెత్తదనమునకు విరుగుడుగా 2019లో లండను గార్డియన్ పత్రిక, క్లైమేట్ చేంజ్ అనుటకంటె సంక్షోభమనియో, ఆత్యయిక పరిస్థితి యనియో వ్రాయుట మేలని తన విలేకరులకు సూచించినది. చేపలను ఫిష్ స్టాక్స్ అని గిడ్డంగి సరకువలె పేర్కొనుటయు మానుమన్నది.

ఈ మూడిండ్ల మాటలును పెరుగుచుండగా, ఏ యింటివియు కాని మాటలు, అనగా పొలము గట్టున, చెఱువు ఒడ్డున పుట్టిన పేళ్లు, ఆంగ్లమునందే అంతరించుచున్నవి. ఏడేండ్లు దాటిన బాలురకై ఉద్దేశింపబడిన ఆక్స్‌ఫర్డ్ జూనియర్ నిఘంటువు 2007 కూర్పులో లకుముకి, కొంగ, నీటికుక్క మొదలగువాని ఆంగ్లనామములు తొలగింపబడి, బ్లాగ్, బ్రాడ్‌బ్యాండ్ వంటివి చేర్చబడినవి. 2015లో మార్గరెట్ అట్వుడ్ మొదలుగా ఇరువదియెనిమిదిమంది రచయితలు నిరసన లేఖ వ్రాసిరి. బాలురు వాడు మాటలనే తాము పొందుపరచితిమని ప్రకాశకులు సమాధానమిచ్చిరి. ఆ సమాధానము న్యాయమైనదే. నిఘంటువు నేరము చేయలేదు, సాక్ష్యము చెప్పినది. బయోడైవర్సిటీకి నిర్వచనము చెప్పగలిగియు అందులోని ఒక్క పక్షినైనను పేరుపెట్టి పిలువజాలని తరము ఆ దేశమునను తయారగుచున్నది, మన దేశమునను తయారగుచున్నది. కర్నూలు ప్రాంతమున రోళ్లపాడు గడ్డిమైదానములందు బట్టమేక పక్షి కనబడుటయే అరుదై, దాని పేరును వినని విద్యార్థులు ఆ ప్రాంతమునందే పెక్కుమంది యుందురు.

కావున ఆంగ్లమును బోధించు ఉపాధ్యాయులకు నా మనవి యిది. పర్యావరణ పదములను నేర్పునపుడు అర్థమునకు ప్రక్కన, ఆ మాటను ఎవరు, ఎప్పుడు, ఎవరి మేలు కోరి కల్పించిరో ఒక్క పంక్తి వ్రాయించుడు. శాస్త్రజ్ఞుని మాటను కృతజ్ఞతతో గ్రహింపవలెను. అధికారి మాటను ఆ నేలపై బ్రతుకువానిని విచారించిన పిమ్మట గ్రహింపవలెను. వర్తకుని మాటను, దాని వలన ఎవరి బాధ్యత తగ్గుచున్నదో తేల్చుకొనిన పిదపనే నోట పలుకవలెను. అంతతో నిలువక, బడి ఆవరణలోనికి వచ్చి వాలు పక్షుల పేళ్లను తెలుగునను ఆంగ్లమునను విద్యార్థుల చేత చెప్పించుడు. పరీక్షలో దీనికి మార్కులు లేవు. అయినను బీలను బంజరని వ్రాసిన కాగితము రేపు తన బల్లపైకి వచ్చినపుడు, సంతకము చేయుటకు ముందు వెళ్లి చూచి రాగల ఉద్యోగి ఇట్టి విద్యార్థులలోనుండియే రావలయును.