పరిశోధనకుఁ గాలయాపన తగదు

ప్రతిదినము నుప్పు పప్పులకు నలుగురి యనుమతి వేఁడవలసివచ్చినచో నే గృహిణి వేళకు వంట చేయఁగలదు? యంత్రములు, రసాయనములు కొనవలసిన విశ్వవిద్యాలయ పరిశోధకుల స్థితియు నట్టిదే.

2025 జూన్ మాసమునఁ గేంద్రప్రభుత్వము తన యధీనమందలి విద్యా, పరిశోధన సంస్థలకుఁ గొంత సడలింపు నొసఁగినది. కొటేషనులు లేకయే కొనఁదగు పరికరాదుల పరిమితి 1 లక్ష రూపాయలనుండి 2 లక్షల కెక్కినది. 200 కోట్లవఱకు గ్లోబల్ టెండర్లను వైస్ ఛాన్సలరులు, డైరెక్టరులు తామే యనుమతింపవచ్చును.

ఇది శుభమే. మన కుమార్తెలకు యూ.జీ.సీ. యిచ్చు పరిశోధక ఫెలోషిప్పు సాధారణముగా 5 సంవత్సరములే. కాగితములకై వేచిన నెలలను వారికిఁ దిరిగి యిచ్చువా రెవరు?

ప్రజాధనమునకు లెక్క యడుగుట ధర్మమే. అధికారులు కొన్న పిదప లెక్కలు గట్టిగాఁ జూతురు గాక. కొనుటకు ముందు పిల్లల కాలమును హరింపకుందురు గాక!