చుక్కలు చూపించిన ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్ అనగానే గుర్తొచ్చేది 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫామ్. ప్రపంచంలోనే పొడవైనదన్న ఆ రికార్డు 2013లో గోరఖ్‌పూర్‌కి, 2023లో హుబ్బళ్ళికి వెళ్ళిపోయింది. కానీ ఈ రైల్వే పట్నానికి రాత్రి లేకపోవడమన్నది మాత్రం మారలేదు. యార్డులో బండ్లు ఆగవు, దీపాలు ఆరవు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాల్లో మా పెద్దనాన్నది ఒకటి. డిసెంబర్‌లో మథురాకాటిలోని ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు కెమెరా, ట్రైపాడ్ వెంట తీసుకెళ్ళాను. చుక్కలు నడిచే టైమ్‌లాప్స్ తీసి, తొమ్మిదేళ్ళ మనవరాలికి చూపిస్తానని మాటిచ్చాను. రైల్వే ఆవరణలో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతులు కావాలి. అందుకే మేడ మీదికెక్కాం.

ఫొటోగ్రాఫర్లకు '500 సూత్రం' కంఠోపాఠం. 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే, చుక్క గీతలా సాగకుండా షట్టర్ ఎన్ని సెకన్లు తెరవచ్చో తెలుస్తుంది. నాది చిన్న సెన్సర్ కెమెరా కాబట్టి 18 ఎంఎం లెన్స్‌ను 27గా లెక్కేయాలి. అంటే 18 సెకన్ల పైచిలుకు. 20 సెకన్లు, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200 పెట్టాను. చీకటి పల్లెల్లో ఇదే సెట్టింగ్ చక్కగా పనిచేసింది. ఇక్కడ తెర నిండా నారింజ రంగు సున్నం పూసినట్టయింది.

మందు సులువే. షట్టర్ 8 సెకన్లకు, ఐఎస్ఓ 800కు దించితే ఫొటో వెలుగు పదో వంతుకు తగ్గింది. హిస్టోగ్రామ్ గుట్ట ఎడమవైపు నుంచి మూడో వంతు లోపు నిలిస్తే చాలు. మిగతాదంతా క్రమశిక్షణే. అన్నీ మాన్యువల్‌లోనే ఉండాలి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే సినిమా మిణుకుమిణుకుమంటుంది. 4000 కెల్విన్ దగ్గర బిగించాను. ఫోకస్‌ను ప్రకాశవంతమైన చుక్క మీద చేత్తోనే కుదర్చాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేదంటే ప్రతి ఫ్రేముకూ రెట్టింపు సమయం తింటుంది. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున పది సెకన్ల సినిమాకు 250 ఫొటోలు కావాలి. పది సెకన్లకొకటి తీస్తే సుమారు 42 నిమిషాలు పడుతుంది. ఈలోగా లెన్స్ మీద మంచు పట్టకుండా తుడుస్తూ కూర్చోవాలి.

సినిమా వచ్చింది. గొల్లకావడి మూడు చుక్కలూ తూర్పున మెల్లగా పైకి లేచాయి. పాప చప్పట్లు కొట్టింది. పెద్దనాన్న మాత్రం, "పాలపుంత ఏదిరా? నేను డ్యూటీకి కొత్తగా చేరినప్పుడు ఇదే మేడ మీంచి కనిపించేది" అన్నారు.

దానికి జవాబు ఏ సెట్టింగ్‌లోనూ లేదు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఆకాశపు వెలుగుతోపాటు చుక్క వెలుగూ అంతే తగ్గుతుంది. రెంటి మధ్య తేడా పెరగదు. తెల్లబోయిన ఫొటోను కెమెరా కాపాడగలదు కానీ, పోయిన చీకటిని తేలేదు. పాత సోడియం దీపాల పసుపును ఫిల్టర్‌తో కొంతైనా వడకట్టవచ్చు. తెల్లటి ఎల్ఈడీ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి, వడకట్టడం కష్టం.

ఇది ఒక్క ఖరగ్‌పూర్ గోడు కాదు. 2011-2022 మధ్య ప్రపంచవ్యాప్తంగా సామాన్యులు పంపిన 51 వేలకు పైగా పరిశీలనల ప్రకారం ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరిగిందని 2023లో సైన్స్ పత్రిక ప్రచురించింది. ఆ లెక్కన పుట్టినప్పుడు 250 చుక్కలు కనిపించే చోట, పద్దెనిమిదేళ్ళు నిండేసరికి వందే మిగులుతాయి. లదాఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశపు అభయారణ్యంగా ప్రకటించారు. అంత దూరం ఎందరు పిల్లలు వెళ్ళగలరు?

యార్డులో దీపాలు ఆర్పమని ఎవరూ అడగరు. అక్కడ పనిచేసేవారి ప్రాణాలు ఆ వెలుగు మీదే ఆధారపడ్డాయి. కానీ వీధి దీపానికి పైన మూత పెట్టి, వెలుగును నేల మీదికే పంపడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నడిచేవారికి వెలుగు తగ్గదు, ఆకాశానికి చీకటి దక్కుతుంది.

పాప ఆ పది సెకన్ల సినిమాను మళ్ళీమళ్ళీ చూస్తోంది. పెద్దనాన్న పైకి చూడటం మానేసి, కిందికి దిగిపోయారు.