బేటా నలభై రెండు కిలోమీటర్లు ఉరుకుతానంటే

కొడుకు బైక్ అడిగితే మన ఇళ్లలో మూడు రోజులు గొడవ జరుగుతుంది. నాలుగో రోజు కిస్తుల మీద బైక్ ఇంటి ముందుకొస్తుంది. అదే కొడుకు "అబ్బా, ఫుల్ మారథాన్ ఉరుకుతా" అంటే గొడవ కూడా ఉండదు, నవ్వుతారంతే. "పాగల్ హోగయా క్యా" అంటుంది అమ్మీ. "ముందు బ్యాక్‌లాగులు క్లియర్ చెయ్" అంటాడు అబ్బా. నా శికాయత్ అంతా ఆ నవ్వు మీదే.

హత్నూరలో మా ఆపా కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో ల్యాబులు, ఇంటికొస్తే రికార్డులు. వాడికి హైదరాబాద్ మారథాన్ పిచ్చి పట్టింది. 2011 నుంచి ఆగస్టు నెలాఖరులో జరిగే పరుగు అది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లోనే మొదలై, ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దూరం 42.195 కిలోమీటర్లు. వానాకాలపు ఉక్కపోత, మీదికెళ్లి ఎత్తుపల్లాలు. దేశంలోని మారథాన్లలో ఇది కష్టమైనదని ఉరికేవాళ్లే చెప్తారు. మా ఆపా నాకు ఫోన్ చేసి, "భాయ్, నువ్వైనా వాడికి సమ్‌ఝాయించు" అంది. నేను సమ్‌ఝాయించాల్సింది వాణ్ని కాదని నాకనిపించింది.

ఖౌమ్ పిల్లలు రాత్రి రెండింటి దాకా చబూత్రాల మీద, హోటళ్ల దగ్గర కూర్చుంటున్నారని మనమే తఖ్రీర్లు చేస్తాం. పొద్దున నాలుగింటికి లేస్తానన్న పిల్లోణ్ని చూసి నవ్వేదీ మనమే. ఇదెక్కడి ఇన్సాఫ్?

"చదువు పాడవుతుంది" అనే మాట తీసుకుందాం. హిసాబ్ వేసి చూడండి. మొదటిసారి ఉరికే మామూలు పిల్లోడు కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకుంటాడు. వారానికి నాలుగు రోజులు చాలు. మంగళవారం 8, గురువారం 10, శనివారం 6, ఆదివారం పెద్ద పరుగు. తయారీ ముదిరిన వారాల్లో ఆ పెద్ద పరుగు 28 కిలోమీటర్ల దాకా పోతుంది, ఒకట్రెండుసార్లు 30, 32 కూడా. అన్నీ కలిపితే వారానికి ఆరు గంటలు. ఫోన్‌లో రోజుకు గంట రీల్స్ చూసే పిల్లోడికి అవే ఏడు గంటలు. వక్త్ ఉంది, అది ఎక్కడికి పోతుందో ఇంట్లో అందరికీ మాలూమే.

అయితే వాడి దగ్గర లేనిది ఒకటుంది, నిద్ర. ఈ విషయంలో నేను అబ్బాల పక్షమే. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి పడుకోవాలి. పన్నెండు దాకా ఫోన్ చూసి, నాలుగింటికి లేచి ఇరవై కిలోమీటర్లు ఉరికితే అది మెహనత్ కాదు, ఒంటి మీద జుల్మ్. కండరాలు బాగుపడేది నిద్రలోనే, చదివింది దిమాగ్‌లో నిలిచేదీ నిద్రలోనే. మన ప్రాంతంలో చాలామంది పిల్లలు చదువుకుంటూనే కంపెనీల్లో నైట్ షిఫ్టులు చేస్తారు. షిఫ్టు దిగి నేరుగా రోడ్డు మీద ఉరకడం మాత్రం వద్దే వద్దు. రోజుకు ఏడు గంటల నిద్రకు వీల్లేని సెమిస్టర్‌లో ఫుల్ మారథాన్ జిద్దు వదిలి హాఫ్ ఉరకాలి. 21 కిలోమీటర్లు కూడా చిన్న మాట కాదు. నన్నడిగితే ముందు ఏడాది హాఫ్, మరుసటి ఏడాది ఫుల్. మా భాంజాకు ఇదే చెప్పాను. వాడి మొహం చిన్నబోయింది గానీ మాట విన్నాడు.

రోజా సంగతి కూడా చాలామంది అడుగుతారు. ఈ ఏళ్లలో రమజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. ఈద్ అయ్యాక ఆగస్టు ఆఖరుకు ఐదు నెలలుంటాయి. మొదటి మారథాన్ తయారీకి అంత వ్యవధి ఉంటే మంచిదే. అందుకే రమజాన్‌లో దూరం పెంచే ఫికర్ పెట్టుకోవద్దు. ఇఫ్తార్‌కు ముందు అరగంట మెల్లగా ఉరికితే చాలు, ఖజూర్, నీళ్లు వెంటనే దొరుకుతాయి. పెద్ద పరుగులు ఈద్ తర్వాతే.

రోజా ఉంటే ఉరకలేరు అనేవాళ్లకు సిఫాన్ హసన్ పేరు చెప్పండి. ఇథియోపియాలో పుట్టి, పదిహేనేళ్ల వయసులో పనాహ్ కోరి నెదర్లాండ్స్ చేరిన అమ్మాయి. నర్సింగ్ చదువుతూ ఉరకడం మొదలుపెట్టింది. 2023 ఏప్రిల్‌లో లండన్‌లో ఆమె మొదటి మారథాన్. అప్పటికి రమజాన్ ముగిసి రెండు మూడు రోజులే అయింది, తయారీ ఆఖరి వారాలు రోజాల్లోనే గడిచాయి. దారి మధ్యలో తుంటి పట్టేసి ఆగిపోయింది, సాగదీసుకుని మళ్లీ ఉరికి గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లలో కాంస్యాలు, ఆఖరి రోజు మారథాన్‌లో బంగారం. ఆ బంగారు పతకం హిజాబ్‌తోనే తీసుకుంది. మా భాంజా రోజా ఉండి పెద్ద పరుగులు చేయాలని నా మతలబ్ కాదు. ఆమె వెనుక కోచ్‌లు, డాక్టర్లు ఉంటారు, వీడి వెనుక ఉండేది మా ఆపా ఒక్కతే.

కంపెనీల నడుమ బతికే మనకు ఇంకా దగ్గరివాడు బుగేరా అల్ వాఫీ. అల్జీరియా ముస్లిం, ఫ్రెంచివాళ్ల గులామీలో పుట్టినవాడు, పారిస్ దగ్గర రెనో కార్ల ఫ్యాక్టరీలో మజ్దూర్. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ మారథాన్ 2 గంటల 32 నిమిషాల 57 సెకన్లలో గెలిచాడు. జెండా మాత్రం ఫ్రాన్స్‌ది ఎగిరింది. తర్వాత ఆయన్ని దునియా మర్చిపోయింది. పటాన్‌చెరు నుంచి గుండ్ల మాచనూర్ దాకా షిఫ్టు బస్సులెక్కే మన జవాన్లకు ఈ పేరు ఎవరైనా చెప్పారా?

ఆడపిల్లల మాట తీయగానే బైఠక్‌లో దగ్గులు మొదలవుతాయి. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆమె ఫోటో మనందరి వాట్సాప్ స్టేటస్‌లకూ ఎక్కింది. ఆమె బాక్సింగ్‌కు ముందు పరుగే నేర్చుకుంది, చెయ్యి పట్టి గ్రౌండుకు తీసుకెళ్లింది ఆమె అబ్బానే. స్టేటస్ పెట్టడం ఆసాన్. సొంత బేటీతో ఫజర్ తర్వాత గ్రౌండు దాకా నడవడానికి ఎందరు తయారు?

రోడ్డు, గాలి మాత్రం నాకు నిజంగా ఫికర్ కలిగించేవి. మా వైపు తెల్లవారుజామున ట్యాంకర్లు, లారీలు తిరుగుతాయి, రోడ్డు పక్కన నడిచే జాగా కూడా ఉండదు. చీకట్లో నల్ల టీషర్టు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉరికే పిల్లల్ని చూస్తే గుండె ఝల్లుమంటుంది. వెలుతురు పడితే మెరిసే పట్టీ ఉన్న జాకెట్ వేసుకోవాలి, ఎదురొచ్చే బండి కనిపించేలా రోడ్డుకు కుడివైపు ఉరకాలి, చెవులు ఖాళీగా ఉండాలి. ఆదివారం నర్సాపూర్ అడవి రోడ్డుకు పోతే ఫ్లైఓవర్లకు పనికొచ్చే ఎత్తుపల్లాలు దొరుకుతాయి. కోతులతో మాత్రం భద్రం, చేతిలో అరటిపండు ఉంటే అది మీది కాదు.

గాలి సంగతి మనకు కొత్త కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేస్తే పటాన్‌చెరు-బొల్లారం అందులో ఉంది. చలికాలం గాలి కదలని రోజుల్లో వాసన నేల మీదే నిలుస్తుంది. ఉరికేవాడు కూర్చున్నవాడికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు. ముక్కుకు ఘాటు తగిలిన రోజు పరుగు మానేయాలి, ఒక్క రోజుతో మారథాన్ పోదు.

ఎండాకాలం తరీఖా వేరు. మేలో ఫజర్ జమాత్ ముగిసేసరికి ఐదు, ఐదూ నలభైకల్లా సూర్యుడు. కాబట్టి పెద్ద పరుగు ఉన్న ఆదివారం కొంత దూరం ఫజర్‌కు ముందే తీసేయాలి, నమాజ్ చదివి మిగతాది పూర్తి చేయాలి. గంట దాటితే ఉత్త నీళ్లు సరిపోవు. చెమటతో ఉప్పు పోతుంది, వట్టి నీళ్లే తాగుతూ పోతే రక్తంలో ఉప్పు మరీ పల్చబడి ప్రాణం మీదికి రావచ్చు. నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లో, ఓఆర్ఎస్ పొట్లమో వెంట ఉండాలి. ముందురోజు రాత్రి తెల్లన్నం, ఖట్టీ దాల్ బెహతర్. బిర్యానీ, హలీమ్ పరుగు అయ్యాకే. గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే, ఖాందాన్‌లో చిన్న వయసులో గుండెపోట్లు ఉంటే ముందు డాక్టర్‌ను కలవాలి.

ఇంత చెప్పాక కూడా పిల్లలు ఉరకాల్సింది లారీల మధ్యేనా? ఊరూరా 2022లో పెట్టిన క్రీడా ప్రాంగణాలు సుమారు ఎకరం జాగా. దాని చుట్టూ ఒక్క రౌండు 250 మీటర్లు. అందులో 30 కిలోమీటర్లంటే 120 రౌండ్లు, ఉరికేవాడి కంటే చూసేవాడికి ముందు చక్కరొస్తుంది. స్కూలు గ్రౌండు ఇంకాస్త పెద్దది గానీ, మా వైపు పొద్దున ఏడు దాకా గేటుకు తాళం. షాదీఖానా కావాలని దర్ఖాస్తు పట్టుకుని ఎమ్మెల్యే సాబ్ దగ్గరికి పోయిన జమాత్ పెద్దలు, ఒక జుమా తర్వాత నలుగురు కలిసి హెడ్‌మాస్టర్ సాబ్ దగ్గరికీ పోయి రావాలి. ఐదింటికి గేటు తీసే జిమ్మేదారీ ఫలానా మనిషిదని రాసిచ్చి, తాళంచెవి అడగండి. మంగళవారం, గురువారం పరుగులకు ఆ గ్రౌండు చాలు.