చీర చెరగులో చిట్టి చేప

గాలానికి చిక్కదు. మామూలు వలలో ఆగదు. ముల్లు తీసే పని లేదు, పొలుసు గీకే బాధ లేదు. వేలి గోరు మీద పెట్టినా కొంచెం చోటు మిగిలే ఆ చేపపిల్ల కోసం గోదావరి జిల్లాల భోజనప్రియులు ఏడాదంతా కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తారు. వచ్చిందన్న కబురు తెలిస్తే చాలు... తెల్లారకుండానే స్టీలు క్యారేజీ పట్టుకుని యానాం దారి పడతారు. అదే చీరమేను!

వానాకాలమంతా పులసదే రాజ్యం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట వినని తెలుగువాళ్లు తక్కువ. ఆ హడావుడి సద్దుమణిగాక, దసరా వెళ్లి దీపావళి వచ్చే రోజుల్లో చీరమేను దిగుతుంది. కార్తీకంలోనూ కొన్నాళ్లు కనిపిస్తుంది. దీనికీ ఓ సామెత కట్టారు... చీర అమ్మైనా చీరమేను తినాలని. పులసకు పుస్తెలు, దీనికి చీర. అమ్మే సొత్తు రెండుసార్లూ ఇంటి ఇల్లాలిదే. తినే నాలుక ఎవరిదో మాత్రం సామెత చెప్పదు!

మీను అంటే చేప. చీరతో పట్టే మీను కాబట్టి చీరమీను, వాడుకలో చీరమేను అయిందంటారు. చిరు మీను అన్నా చెవికి అలాగే వినిపిస్తుంది. ఏదైనా తప్పు కాదు. చేప చిన్నదే, పట్టేదీ చీరతోనే.

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలిపోతుంది. అందులో గౌతమి పాయ యానాం పక్క నుంచి సాగి భైరవపాలెం వైపు సముద్రంలో కలుస్తుంది. వరదలు తగ్గి ఎర్రనీరు తేరుకుంటుంది. తూర్పుగాలి మొదలవుతుంది. అప్పుడు పోటు నీటితో పాటు ఈ పిల్లలు గుంపులు గుంపులుగా పైకి వస్తాయి. గుంపు ఎక్కడుందో మనిషికంటే ముందు పక్షికి తెలుస్తుంది. నీటి మీద ఒకేచోట పక్షులు గిరికీలు కొడుతుంటే వేటగాళ్లు పడవను అటు తిప్పుతారు.

పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. పాత చీర ఒకటి చాలు. ఇద్దరు చెరో కొస పట్టుకుని లోతు తక్కువ నీటిలో దిగుతారు. చీరను నీళ్లలో ముంచి, గుంపు కిందుగా మెల్లగా నడిపించి, ఒక్కసారి పైకెత్తుతారు. నీరు కారిపోతుంది. బట్ట మీద పిడికెడు ముద్ద మిగులుతుంది. దాన్ని బిందెలో వంచి మళ్లీ నీటిలోకి. అదృష్టం బాగుంటే పూటకే బకెట్ నిండుతుంది. గాలి తిరిగితే చీర తడవడమే మిగులుతుంది.

రేవులో దీనికి కిలోల లెక్క పనికిరాదు. గ్లాసు, తవ్వ, సేరు... పాత కొలతలన్నీ ఈ ఒక్క చేప కోసమే ఇంకా బతికున్నాయనిపిస్తుంది. బకెట్లను వేలంలో పాడుకున్న మత్స్యకార మహిళలు రేవులోనే కూర్చుని కొలిచి అమ్ముతారు. కొరతగా ఉన్న రోజున సేరు ధర వేలల్లోకి వెళుతుంది. అయినా బేరమాడేవాళ్లు తక్కువ. వెనక నిలబడ్డవాళ్లు ఎగరేసుకుపోతారన్న భయం మరి!

వంటింట్లో అసలు పని కడగడమే. ఇసుక, నాచు పోయేదాకా ఉప్పు, పసుపు వేసి నీళ్లు మార్చి మార్చి కడగాలి. చేయి గట్టిగా పడితే పిల్లలు నలిగిపోతాయి. ఆ రోజులకు చింతచెట్ల మీద లేత కాయలు సిద్ధంగా ఉంటాయి. వాటిని దంచి వేసి, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో దగ్గరగా వండే కూరకు సాటి లేదంటారు. పిండిలో కలిపి గారెలు వేస్తారు. మసాలా పట్టించి వేపుడూ చేస్తారు. ఉదయం వండిన కూర రాత్రికి ఇంకా బాగుంటుందన్నది కోనసీమ ఇళ్లలో తిరుగులేని మాట.

ఇంతకీ గిన్నెలో ఉన్నవి ఏమిటి? చిన్న చేపలు కావు... చేపల పిల్లలు. అక్కడే అసలు చిక్కు.

ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు చేపలకు పురిటిల్లు లాంటిది. కాకినాడ పక్కన 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవులు దానికి గోడలు. మడచెట్ల వేళ్ల సందుల్లో పెద్ద చేపల నోటికి చిక్కకుండా పిల్లలు దాక్కుని పెరుగుతాయి. పెరిగాక సముద్రానికి వెళతాయి. అలాంటి చోట అల్లిక దగ్గరగా ఉన్న బట్ట ముంచి ఎత్తితే కావలసిన పిల్లతో పాటు ఎదురొచ్చిన ప్రతి పిల్లా పైకి వస్తుంది. రేపటి బుట్టెడు చేపలు ఇవాళ ఒక గ్లాసులో ఇమిడిపోతాయి.

దీనికి వేటగాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. చేప లక్షల గుడ్లు పెడుతుంది. అందులో బతికి బట్టకట్టేవి ఎలాగూ బహు కొద్ది. పక్షులు తినగా, పెద్ద చేపలు తినగా, మనిషి ఒక చీరెడు తీసుకుంటే గోదావరి ఖాళీ అవుతుందా? ఈ మాటలో నిజం ఉంది. తాతల నాటి నుంచి పట్టినా చీరమేను వస్తూనే ఉంది.

అయితే ఆ లెక్క చీర ఉన్నంతవరకే. చీర పొడవెంతో అందరికీ తెలుసు. ఇద్దరు మనుషులు ఎంత దూరం లాగగలరో కూడా తెలుసు. వేటకు హద్దు గీసింది ఏ చట్టమూ కాదు, ఆ బట్టే. ఇప్పుడు దాని స్థానంలోకి దోమతెర లాంటి సన్నకన్ను వలలు వచ్చాయి. తెడ్డు పడవకు ఇంజను తోడైంది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లు తినే కూర ఇప్పుడు ఐసు పెట్టెల్లో హైదరాబాద్ దాకా ప్రయాణిస్తోంది. సామెత మారలేదు కానీ చీర మాత్రం పక్కకు జరిగిపోయింది.

అలాగని ఒక్క కలంపోటుతో ఆపేస్తే? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఎలాగూ ఉంది. అది మరపడవలకు, వేసవికి. పండగ రోజుల్లో దిగే చీరమేనుకు అది వర్తించదు. పైగా ఈ కొద్ది వారాల ఆదాయంతోనే పిల్లల ఫీజులు కట్టే ఇళ్లు, అప్పు తీర్చే ఇళ్లు రేవు నిండా ఉన్నాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. నది ఒకటే అయినా యానాం పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఒక ప్రభుత్వం ఆపితే వేట పక్క రేవుకు మారుతుంది, అంతే.

ఈ ముడిని విప్పాలని చూసినవాళ్లు వేరే చోట్ల ఉన్నారు. న్యూజిలాండ్‌లో వైట్‌బైట్ అనే చేపపిల్లలు అచ్చం మన చీరమేను లాంటివే. సముద్రం నుంచి నదిలోకి వస్తుంటే పట్టి, గుడ్డుసొనలో కలిపి అట్లు వేసుకుంటారు. అక్కడ 2022 నుంచి సెప్టెంబర్ 1 మొదలు అక్టోబర్ 30 వరకే పట్టనిస్తున్నారు. రాత్రిపూట వల వేయకూడదు. అంటే రోజూ కొన్ని గంటలపాటు పిల్లలకు దారి వదిలేసినట్టే. బంగ్లాదేశ్‌లోనైతే ఇంకో పద్ధతి. అక్కడి ఇలీష్ అంటే మన పులసే. 25 సెంటీమీటర్ల లోపు ఇలీష్ పిల్లలను నవంబర్ నుంచి జూన్ వరకు పట్టడం నేరం. ఆ కాలంలో నాలుగు నెలల పాటు మత్స్యకార కుటుంబాలకు నెలకు 40 కిలోల చొప్పున బియ్యం ఇస్తారు. వల మడవమని చెప్పినవాళ్లే కంచంలో అన్నం మాట కూడా ఆలోచించారన్నమాట.

గోదావరి వాళ్లకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. ఒకప్పుడు పులసను మామూలు ఇళ్లలోనూ వండుకునేవారు. ఇప్పుడు అది వేలంపాటల్లో, వార్తల్లో ఎక్కువగా కనిపిస్తోంది. చీరమేను కూడా ఆ దారిన పోకుండా ఉండాలంటే రెండు ప్రభుత్వాలూ ఒక మాట మీదకు రావాలి. వేటగాడికి ఆ వారాల కూడు దొరకాలి. తినేవాళ్లు కూడా సేరు బదులు గ్లాసుతో సరిపెట్టుకోవాలి.

చీర కట్టుకునేవాళ్లకు తెలియనిదేముంది... చెరగు పట్టి వంచిన గింజల్లో కొన్ని విత్తనానికి పక్కన పెట్టాకే మిగతావి వంటకు తీస్తారు. నదిలోనూ ఆ పాటి విత్తనం మిగలాలి.