సిరంజీలో 0.15 మిల్లీలీటర్లు

నెలలు నిండకుండా పుట్టిన 1.2 కిలోల బిడ్డకు డాక్టర్ జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 6 మిల్లీగ్రాములు. చేతిలో ఉన్న వయల్‌లో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాముల మందు. అంటే సిరంజీలోకి తీయాల్సింది 0.15 మిల్లీలీటర్లు. దశాంశ చుక్క ఒక్క స్థానం కుడికి జరిగితే పదింతల మందు ఎక్కుతుంది. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఓ చిన్న టీ గ్లాసెడు. ఈ లెక్క చూసుకుని సిరంజీ పట్టేది నర్సు. బీఎస్సీ పాసై నిన్నమొన్నే చేరిన అమ్మాయి కావచ్చు.

ఆమెకు చదువు తక్కువైందని కాదు. నాలుగేళ్ల కోర్సులో పిల్లల నర్సింగ్ ఉంది, వార్డు పోస్టింగులూ ఉన్నాయి. అయితే విద్యార్థిగా పక్కన నిలబడి చూడటం వేరు, అర్ధరాత్రి మానిటర్ మోగినప్పుడు తానే తేల్చుకోవడం వేరు. ఈ రెంటి మధ్య ఎవరో చెయ్యి పట్టుకుని నడిపించాలి.

అలా చెయ్యి పట్టి నేర్పిన నైపుణ్యం ఏం చేయగలదో ఢిల్లీయే చూపించింది. బిడ్డను తల్లి ఛాతీకి హత్తుకుని ఉంచే కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెట్టడంపై డబ్ల్యూహెచ్‌ఓ అయిదు దేశాల్లో జరిపిన అధ్యయనంలో మన దేశం నుంచి పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. 2021లో ఫలితాలు వచ్చాయి. 1 నుంచి 1.8 కిలోల లోపు శిశువుల్లో, బిడ్డ కుదుటపడ్డాకే ఈ పద్ధతి మొదలుపెట్టిన చోట 28 రోజుల్లో నూటికి 15.7 మంది చనిపోగా, వెంటనే మొదలుపెట్టిన చోట 12 మందే చనిపోయారు. ఇది కొత్త యంత్రం తెచ్చిన ఫలితం కాదు. ముక్కుకు గొట్టం ఉన్న బిడ్డను మెడ కింద ఒక చేయి, నడుము కింద ఒక చేయి వేసి, గొట్టం కదలకుండా తల్లి గుండెల మీదికి చేర్చాలి. భయపడుతున్న ఆ తల్లికి బిడ్డ ఊపిరి ఎలా గమనించాలో నేర్పాలి. ఇది పుస్తకంలో చదివితే వచ్చే పని కాదు.

అదే నగరంలో 2024 మే 25 రాత్రి వివేక్ విహార్‌లోని ఓ నవజాత శిశువుల ఆసుపత్రి తగలబడి పసికందులు ప్రాణాలు కోల్పోయారు. లైసెన్సు గడువు అప్పటికే ముగిసింది. డ్యూటీలో ఉన్న డాక్టరుకు నవజాత శిశువులను చూసే అర్హత లేదని పోలీసులు చెప్పారు. డాక్టరు అర్హతనే పట్టించుకోని చోట నర్సు శిక్షణ గురించి ఎవరు అడుగుతారు?

ఐసీయూలో ఒక రోగికి ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అంతమంది సిబ్బంది లేనప్పుడు మొదట కోత పడేది శిక్షణకే. కొత్తగా చేరినవారిని వెంటనే రోస్టర్‌లో లెక్కేస్తారు. నేర్పాల్సిన సీనియర్ సిస్టర్ తన పడకలతోనే సతమతమవుతుంది. అందుకే పిల్లల ఐసీయూలో తొలి ఆరు నెలలు కొత్త నర్సును సిబ్బంది లెక్కలో కలపకూడదు. నేర్పే సిస్టర్‌కు ఆ సమయాన్ని డ్యూటీగా పరిగణించి జీతం ఇవ్వాలి. నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లోనే వచ్చింది. ఈ ప్రమాణాలను దాని కింద వచ్చే నిబంధనల్లో రాయించుకోవాల్సిన సమయం ఇదే.